మన పుట్టుపూర్వోత్తరాలు మా బావకే తెలుసు

"నీ ఇష్టమోయ్, పూర్తిగా నీ ఇష్టం" అని మా బావ అన్నాడంటే నేను సర్దుకుని కూర్చుంటాను. ఆ వెనకే "కాకపోతే" అని ఇంకో మాట వస్తుంది. రాని రోజు నాకు తెలిసి లేదు.

మా బావ డంజన్ మాస్టర్. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు ఉద్యోగం, ఇంటి అప్పు, ఇవన్నీ ఆయన లెక్కలో శనివారం సాయంత్రం దాకా కాలక్షేపానికి పెట్టుకున్న వ్యవహారాలు. శనివారం అక్క డైనింగ్ టేబుల్ మీంచి పచ్చడి సీసాలు తీసేస్తుంది. బావ ఆ జాగాలో అట్టతెర నిలబెట్టి దాని వెనక కూర్చుంటాడు. అక్కణ్ణుంచి ఆయన దేవుడు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆడేవాళ్లు తలా ఒక పాత్రను కల్పించుకుంటారు. ఒకరు దొంగ, ఒకరు మంత్రగాడు, ఒకరు గొడ్డలి పట్టిన డ్వార్ఫ్. తమ పాత్ర ఏం చేస్తుందో వాళ్లే చెబుతారు, అది పారిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. మిగిలిన లోకమంతా, అంటే కొండలూ కోటలూ పూటకూళ్లమ్మా ఆమె మేకా, డంజన్ మాస్టర్ సొత్తు. 1977లో ఎన్టీ రామారావు 'దానవీరశూరకర్ణ'కు దర్శకత్వం వహిస్తూ కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ తానే కట్టారు. మూడేనా, అంటాడు బావ. ఆయన ఒక్క పూటలో రాజు, మంత్రి, మంత్రిని చంపినవాడు, శవాన్ని మొదట చూసిన పాలమనిషి, ఆ పాలమనిషి చెప్పేది నమ్మని కాపలావాడు, అందరికీ వేరువేరు గొంతులు పెడతాడు. కాపలావాడి గొంతు అచ్చం మా పెదనాన్నది. ఆ సంగతి పెదనాన్నకు ఇంకా తెలియదు.

తగువంతా పుట్టుపూర్వోత్తరాల దగ్గరే. పాత్ర ఆటలోకి దిగేముందు దానికో గతం ఉండాలి: ఎక్కడ పుట్టింది, ఎవరు పెంచారు, కత్తి ఎందుకు పట్టింది. వాడుకలో బ్యాక్‌స్టోరీ. పాత్ర నాది కాబట్టి గతమూ నాదే అంటాను నేను. ఆ గతం జరిగింది తన లోకంలో కాబట్టి తనది అంటాడు బావ. ఇద్దరమూ సబబుగానే మాట్లాడుతున్నాం, అందుకే ఇది తెమలదు.

నా డ్వార్ఫ్ సంగతే చూడండి. ఎవరి జోలికీ పోని కథ రాసిచ్చాను. కొండ కింద ఊరు, నాన్న వెనిగర్ వ్యాపారి, ఇంట్లో అందరూ కులాసా, కుర్రాడు లోకం చూద్దామని బయల్దేరాడు. బావ కాగితం చదివి గడ్డం నిమురుకున్నాడు.

"మీ నాన్న వెనిగరే ఎందుకు అమ్ముతున్నాడో ఎప్పుడైనా ఆలోచించావా బావమరిదీ?"

"బతకడానికి బావా."

"ఊళ్లోవాళ్లూ అలాగే అనుకుంటున్నారు పాపం."

ఇంకేముంది, కొన్ని వారాలు తిరిగేసరికి మా నాన్న నేలమాళిగలో డ్రాగన్ గుడ్డు బయటపడింది. వెనిగర్‌లో నానితే గుడ్డు పెంకు కరుగుతుంది కదా, ఆయన ముప్పై ఏళ్లుగా ఆ పనిమీదే ఉన్నాట్ట. నాకు ఒళ్లు మండింది. మండుతూనే, ఎంత బాగా అతికించాడు రా అని కూడా అనిపించింది. మా బావతో వచ్చే చిక్కే అది. దొంగతనం చేస్తాడు, కానీ ఎత్తుకెళ్లిన సొమ్ముకు మెరుగు పెట్టి మన మెడలోనే వేస్తాడు.

ఇదే మనిషి సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లయింటును తిడుతూ ఉంటాడు. "మొదట 'మీ ఇష్టం వచ్చినట్టు కట్టండి' అంటారు, కట్టాక ప్రతి గోడా కదిలిస్తారు, మనుషులేనా వీళ్లు" అని భోజనాల దగ్గర వాపోతుంటే అక్క నా వంక చూస్తుంది, నేను పప్పు వంక చూస్తాను.

తన అధికారానికి ఆయన దగ్గర శాస్త్రప్రమాణాలున్నాయి. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో ఈ ఆటను చిన్న పెట్టెలో మూడు పుస్తకాలుగా తెచ్చినప్పుడు, పాత్రల బలం, తెలివి వగైరాలకు పాచికలు వేయవలసింది రిఫరీయే అని అందులో ఉంది. రిఫరీ అంటే ఇప్పటి డంజన్ మాస్టర్. "చూశావా, పాచికలు కూడా మీ చేతికి ఇచ్చేవాళ్లు కాదు" అంటాడు, నిన్న మొన్నటిదాకా ఆ హక్కు తన జేబులోనే ఉన్నట్టు. ఆ రోజుల్లో పాత్రకు గతం లేకపోయినా ఎవరికీ పట్టేది కాదనుకోండి. మొదటి మెట్టు మీదున్నవాడు గొయ్యిలో పడో ఎలక కరిచో పోతుండేవాడు, వాడికి వంశవృక్షం గీసే తీరిక ఎవరికుంది? 1977లో మార్క్ మిల్లర్ చేసిన ట్రావెలర్ అని అంతరిక్షం ఆట ఒకటి వచ్చింది. అందులో పాత్ర గతాన్ని పాచికలే నడుపుతాయి: సైన్యంలో చేరాడు, ఓ విడత కొలువు చేశాడు, పైకొచ్చాడు, మరో విడత చేశాడు. పాచిక అడ్డం తిరిగితే ఆట మొదలవకుండానే, ఆ గతంలోనే, మనిషి చచ్చిపోవచ్చు. ఈ నియమం గురించి చెప్పేటప్పుడు బావ కళ్లలో ఒక తడి మెరుస్తుంది. 1977 నాటికి ఆయన పుట్టలేదు.

నాకు నచ్చిన ఏర్పాటు మాత్రం 1981 నాటి ఛాంపియన్స్‌ది. సూపర్ హీరోల ఆట. నీకు నిస్సహాయులైన సొంతవాళ్లు ఉన్నారని, నీ వెంట శత్రువులు పడుతున్నారని ముందే రాసుకుంటే పాయింట్లు వస్తాయి, వాటితో శక్తులు కొనుక్కోవచ్చు. నాకో బామ్మ ఉంది, ఆవిణ్ణి తరచూ ఎత్తుకుపోతారు అని నేనే సంతకం పెట్టి, ఆ సొమ్ముతో గాల్లో ఎగురుతానన్నమాట. ఎత్తుకుపోవడానికి లిఖితపూర్వక అనుమతి ఉంది, పుచ్చుకున్న ప్రతిఫలం ఉంది. మా బావ దగ్గర అనుమతీ లేదు, ప్రతిఫలమూ లేదు, ఎత్తుకుపోవడం ఒక్కటే ఉంది. మా డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు 2014లో వచ్చిన అయిదో కూర్పులో పాత్రకాగితం మీద 'బాండ్స్' అని ఒక గడి ఉంటుంది, నీ మనసు ఎవరితో దేనితో ముడిపడి ఉందో రాసుకోవడానికి. బావ దాన్ని బందీల జాబితాగా చదువుతాడు. ఎవరి పేరు రాస్తే వాళ్లు రెండో వారానికి గుహలో గొలుసులతో కనిపిస్తారు.

కొన్నిచోట్ల ఆటే ఆయన చేతికి తాళాలిచ్చింది, కాదనను. వార్లాక్ అని ఒక తరహా మంత్రగాళ్లుంటారు, ఎవరో మహాశక్తితో ఒప్పందం కుదుర్చుకుని మంత్రాలు సంపాదిస్తారు. ఒప్పందం రాసుకునేది ఆడేవాళ్లు, ఆ శక్తి గొంతుతో పలికేది డంజన్ మాస్టర్. మా బృందంలో విజయవాడ దంపతులున్నారు, ఆ అమ్మాయిది వార్లాక్. వెన్నెల్లో తిరిగే దయగల వనదేవత తనకు శక్తినిచ్చిందని ముచ్చటగా రాసుకొచ్చింది. బావ నోటి వెంట ఆ వనదేవత దిగేసరికి మేనత్త అయింది. ఎప్పుడు కనిపించినా "ఇంకా పడుకోలేదేమే, ఇవాళ ఎంతమందిని కాల్చావు, ఆ పక్కనున్నవాడెవడు" అని ఆరా.

ఆడేవాళ్లేమీ పత్తిత్తులు కారు. ఈ విజయవాడ కుర్రాడు మొదటిసారి తెచ్చిన బ్యాక్‌స్టోరీకి స్పైరల్ బైండింగు ఉంది, అనుబంధాలున్నాయి. అతని మంత్రగాడు ఏడో ఏట గురువును మించాడు, పన్నెండో ఏట డ్రాగన్‌ని మట్టుబెట్టాడు, ఇద్దరు రాణులు మనసిస్తే సున్నితంగా కాదన్నాడు. తీరా పాత్రకాగితం చూస్తే మొదటి లెవెల్, ఏడు హిట్ పాయింట్లు, అంటే గుప్పెడు ప్రాణం. ఆ సాయంత్రమే గాబ్లిన్ అనే ఒక చిల్లర భూతం గులకరాయి లాంటి దెబ్బ వేస్తే సోయ తప్పాడు. డ్రాగన్‌ని చంపినవాడు గాబ్లిన్ చేతిలో ఎందుకు పడ్డాడన్న ప్రశ్నకు జవాబు వెతకడం బావ మెడకు చుట్టుకుంది. శాపం తగిలి శక్తులు పోయాయని ఆయన కథ అల్లి మరీ పరువు నిలబెట్టాడు. దానికి ఆ కుర్రాడు థాంక్స్ చెప్పలేదు సరికదా, "అన్నా, నా కథలో శాపం ఎక్కడుంది?" అని అనుబంధం తెరిచాడు.

ఇలాంటి రగడలు రాకూడదనే ఆట మొదలవకముందు అందరూ కూర్చుని ఎవరికేం కావాలో మాట్లాడుకోవడం ఒక పద్ధతి. దాన్ని 'సెషన్ జీరో' అంటారు. 2020లో వచ్చిన 'టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్' అనే ఈ ఆట పుస్తకంలో దీని గురించి వివరంగానే ఉంది. మా ఇంట్లోనూ జరిగింది. బావ మాట్లాడాడు.

అసలు డంజన్ మాస్టరే లేని ఆటలూ ఉన్నాయి, 2009లో జేసన్ మార్నింగ్‌స్టార్ చేసిన ఫియాస్కోలో కథంతా ఆడేవాళ్లే పంచుకుంటారు. ఒకసారి తెచ్చి ఆడించాను. ఆ మూడు గంటలూ బావ చుట్టం ఇంటికొచ్చిన మనిషిలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆయన దెబ్బ తిన్నవాళ్లంతా చివరికి ఒకే మందు కనిపెడతారు: అనాథ పాత్ర. అమ్మ ఉంటే ఎత్తుకుపోతారు, చెల్లి ఉంటే రక్తపిశాచి అవుతుంది, కుక్క ఉంటే అది శత్రురాజు గూఢచారి. అంచేత ఊరు తగలబడిపోయింది, అందరూ పోయారు, నేనొక్కణ్ణే మిగిలాను అని రాసేసి ఊపిరి పీల్చుకుంటారు. ఏ దేశంలో ఈ ఆట ఆడినా బల్ల చుట్టూ ఇంతమంది దిక్కులేనివాళ్లు పోగవడానికి కారణం ఇలాంటి బావలే.

దీని మీద మా ఇద్దరికీ ఓసారి గట్టిగానే వాదన జరిగింది. బావ ఏకంగా మహాభారతం తీశాడు.

"కర్ణుడికి కన్నతల్లి ఎవరో మొదటే తెలిస్తే ఇక కథేముంది? యుద్ధం ముంగిట్లో కృష్ణుడు రథం ఎక్కించుకుని చెప్పాడు చూడు, డంజన్ మాస్టర్ అంటే ఆయన!"

"చెప్పాడు, ఒప్పుకుంటా. విని కర్ణుడేమన్నాడు బావా? రాధ పెంచిన కొడుకుగానే ఉంటాను, దుర్యోధనుణ్ణి వదలను అన్నాడు. కృష్ణుడు విని ఊరుకున్నాడు. కాదు, నువ్వు పాండవుల్లో కలిసిపోయినట్టు నేను రాసేసుకున్నాను అనలేదు."

కొత్త సంగతి బయటపెట్టే హక్కు ఆయనకుంది, దాన్ని ఏం చేసుకోవాలో తేల్చే హక్కు మనది. నా పట్టుదల ఇంతవరకే. బావ కాసేపు ఆలోచించాడు.

"కృష్ణుడు నాలాగ మూడు వారాలు కూర్చుని మ్యాపు గీయలేదు కదోయ్" అన్నాడు.

ఈయన్ని వదిలేసి వేరే బృందం చూసుకోవచ్చు కదా అంటే, అక్క పాట సంగతి చెప్పాలి. అక్క ఈ ఆటలోకి మొగుడి పోరు పడలేక వచ్చింది. పాత్ర గతం అడిగితే ఒక్క వాక్యం రాసిచ్చింది: అమ్మమ్మ నేర్పిన పాట ఒకటి వచ్చు. పేరు లేదు, ఊరు లేదు. బావ ఆ వాక్యాన్ని ముట్టుకోలేదు. పొడిగించలేదు, అమ్మమ్మను రాక్షసిని చేయలేదు. ఏడాది పైగా గడిచాక, మేమంతా మర్చిపోయాక, సముద్రం అడుగున ఒక గుడి తలుపు దగ్గర ఇరుక్కుపోయాం. గొడ్డలికి లొంగలేదు, మంత్రానికి లొంగలేదు. బావ తెర మీదుగా అక్క వంక చూసి, "నీకేదో పాట వచ్చు కదూ?" అన్నాడు. అక్క నిజంగానే పాడింది, మా అమ్మమ్మ నాట్లప్పుడు పాడే పాట. తలుపు తెరుచుకుంది. ఒక్క వాక్యం అన్నాళ్లు అలా పదిలంగా దాచిపెట్టగలిగిన మనిషి మిగతావాళ్ల విషయంలో ఎందుకు ఆగలేడా అని అక్కనే అడిగాను. "నాది మారిస్తే శనివారం వంట ఉండదని తెలుసు" అంది.

ఇప్పుడు కొత్త క్యాంపెయిన్, అంటే వారాల తరబడి సాగే కొత్త కథ, మొదలైంది. ఈసారి నలుగురం ముందే కూడబలుక్కుని నలుగురు అనాథల్ని తయారుచేశాం. తల్లి తెలియదు, తండ్రి తెలియదు, ఊరి పేరు గుర్తులేదు, కుక్క లేదు. విజయవాడ దంపతులు మాత్రం ముచ్చటపడి, తమ పాత్రలు రేవులో కలుసుకుని పెళ్లాడినట్టు ఒక ముక్క రాసుకున్నారు. బావ నాలుగు కాగితాలూ తీసుకుని ఏమీ అనకుండా మడిచి పెట్టుకున్నాడు. అప్పుడే అనుమానించవలసింది.

మొదటి సాయంత్రమే ఒక ముసలి జోస్యురాలు మా నలుగురి భుజాల మీదా ఒకే రకం పుట్టుమచ్చ చూసి బావురుమంది. నలుగురం ఒక తల్లి బిడ్డలమట, ఆవిడ డ్రాగన్ల మహారాణి అట.

విజయవాడ అమ్మాయి పాచికలు సంచిలో వేసుకోవడం మొదలెట్టింది. "ఛీ ఛీ, ఏంటన్నయ్యగారూ ఇది? మేమిద్దరం మొగుడూ పెళ్లాలం. వావి వరస ఉండక్కర్లా?"

బావ ముఖం పాలిపోయింది. మ్యాపులో ప్రతి గులకరాయికీ పేరు పెట్టిన మనిషి, ఆ పెళ్లి ముక్క ఒక్కటీ చదవలేదు. అక్క వంటింట్లోంచి గరిటెతో వచ్చి నిలబడింది.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషమమ్మా. నలుగురిలో ఒకర్ని పెంచుకున్నారు. ఆ మచ్చ వేయించింది. మీ ఇష్టం, మీ ఇద్దరిలో ఎవరు పెంపుడో మీరే చెప్పండి, నేను మాట్లాడను."

మా బావ నోట 'కాకపోతే' లేని 'మీ ఇష్టం' అదే మొదటిసారి వినడం. అమ్మాయి మొగుడి వంక చూసింది. మొగుడు పైకప్పు వంక చూశాడు, ఏవో లెక్కలు వేశాడు, గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, పెంపుడు కొడుక్కి రాజ్యంలో వాటా వస్తుందా?"

బావ రూలు పుస్తకం తెరిచాడు.