పొలంలో పుట్టి ఫ్యాక్టరీకి వెళ్లాను

నన్ను సెంటర్ పివట్ అంటారు. పొలం నడిమధ్య పాతిన గుంజ, అక్కడి నుంచి పొలం అంచుదాకా సాగే ఇనుప పైపు, దాన్ని మోసే చక్రాల టవర్లు, పైపు పొడవునా నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు. ఇదీ నా ఒళ్లు. గుంజ దగ్గర నీళ్లు నాలోకి వస్తాయి. గానుగెద్దులా దాని చుట్టూ తిరుగుతూ పంటనంతా తడుపుతాను. అమెరికా మైదానాల మీదుగా విమానంలో వెళ్లేవాళ్లకు కింద వరసగా కనిపించే పచ్చటి గుండ్రాలు నేను తిరిగిన పొలాలే.

నా ఆకారం చూసి, ఏదో పెద్ద కంపెనీలో ఇంజనీర్లు కూర్చుని నన్ను కనిపెట్టి ఉంటారని చాలామంది అనుకుంటారు. నన్ను కన్నది ఒక రైతు. కంపెనీ నన్ను పెంచి పెద్దచేసింది. ఆ కథ చెప్పుకోవాలని ఎప్పటినుంచో ఉంది.

మా నాన్న పేరు ఫ్రాంక్ జైబాక్. కొలరాడో రాష్ట్రంలో స్ట్రాస్‌బర్గ్ దగ్గర సేద్యం చేసేవారు. వానలు అంతంత మాత్రమే పడే మెట్ట ప్రాంతం అది. 1947లో స్ప్రింక్లర్లతో నీళ్లు పెట్టే పద్ధతిని ప్రదర్శిస్తుంటే చూడటానికి వెళ్లారు. ఒకచోట తడి పూర్తి కాగానే కూలీలు పైపులు విప్పి, తడిసిన నేలలో మోసుకెళ్లి, మరోచోట మళ్లీ బిగిస్తున్నారు. ఆ చాకిరీ చూసిన నాన్నకు ఒకటే ఆలోచన: పైపును మనిషి మోయడమెందుకు? అదే నడిచి వెళ్లకూడదా?

మరుసటి ఏడాదికల్లా నాకు ఒక రూపం వచ్చింది. నన్ను నడపడానికి నాన్న ఇంజన్ పెట్టలేదు, నాలో పారే నీళ్లతోనే నడిపించారు. పైపులోని నీళ్లు కొంత టవర్ మీదున్న సిలిండర్‌లోకి వెళ్లి పిస్టన్‌ను తోస్తాయి. పిస్టన్‌కు తగిలించిన కడ్డీ చక్రం అంచున ఉన్న పళ్లలో ఒకదాన్ని నెడుతుంది. వెనక్కి వచ్చి, తర్వాతి పన్నును పట్టుకుంటుంది. అలా ఒక్కో పన్ను చొప్పున నా నడక సాగేది.

తిరగడంలో రెండు చిక్కులున్నాయి. గుంజ దగ్గరి టవర్ చిన్న గుండ్రం తిరిగేలోపు చివరి టవర్ చాలా పెద్ద గుండ్రం తిరగాలి. ఏ టవర్ వెనకబడినా పైపు వంగిపోతుంది. అందుకని నాన్న తీగలు కట్టారు. వరస తప్పితే తీగ లాగి వాల్వును కదిపేది, టవర్ వేగం సర్దుకునేది. రెండోది నీళ్ల లెక్క. చివర ఉన్న స్ప్రింక్లర్ తక్కువ సమయంలో ఎక్కువ నేల దాటుతుంది కాబట్టి దానికి ఎక్కువ నీళ్లు వదిలే నాజిల్ ఉండాలి. గుంజ నుంచి దూరం పెరిగేకొద్దీ నీళ్లూ పెరిగితేనే చేనంతా ఒకే తడి అందుతుంది.

1949లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1952 జులై 22న వచ్చింది. కాగితం చేతికొచ్చినంత మాత్రాన ఊరూరికీ వెళ్లలేను కదా. నెబ్రాస్కా రాష్ట్రంలోని కొలంబస్‌లో ట్రోబ్రిడ్జ్ అనే మిత్రుడితో కలిసి నాన్న నాలాంటివి కొన్ని తయారుచేయించారు. అప్పటికి నా పైపు నేలకు బాగా దగ్గరగా ఉండేది. పొట్టి పైర్లకు సరిపోయేదాన్ని, మొక్కజొన్న ఏపుగా ఎదిగితే దాటలేకపోయేదాన్ని.

1954లో నా బతుకు మలుపు తిరిగింది. నెబ్రాస్కాలోనే వ్యాలీ అనే ఊళ్లో రాబర్ట్ డాహర్టీ వ్యవసాయ పరికరాల కంపెనీ నడుపుతున్నారు. నన్ను తయారుచేసి అమ్మే హక్కు ఆయన తీసుకున్నారు. అమ్మిన యంత్రానికింతని నాన్నకు రాయల్టీ. ఆ కంపెనీయే తర్వాత వాల్‌మాంట్ అయింది. అక్కడి పనివాళ్లు ఏళ్ల తరబడి నాతో కుస్తీ పట్టారు. నా ఎత్తు పెంచారు, పైపు కింద ఇనుప కడ్డీలు బిగించి బలం పోశారు. కాలక్రమంలో పిస్టన్ల స్థానంలో కరెంటు మోటార్లు, తీగల స్థానంలో స్విచ్‌లు వచ్చాయి. 160 ఎకరాల చదరపు కమతంలో, నాలుగు మూలలు వదిలేసి, సుమారు 130 ఎకరాలు ఒక్కదాన్నే తడిపే స్థితికి వచ్చాను.

పేటెంటు గడువు 1969లో తీరింది. ఇంకా ఎందరో తయారీకి దిగారు. లిండ్సే, రైంకీ, టి-ఎల్, వాల్‌మాంట్... నా జాతిలో పేరుమోసిన ఈ నాలుగు కంపెనీలూ నెబ్రాస్కావే. నన్ను వాడే రైతులు చుట్టుపక్కలే ఉండటం వాటికి పెద్ద అండ. ఏ నట్టు ఊడింది, ఏ చక్రం దిగబడింది అన్న కబురు ఫ్యాక్టరీకి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

నాది ఒంటరి కథ అనుకునేదాన్ని. ఎం.ఐ.టి.లో ఎరిక్ వాన్ హిప్పెల్ అనే పరిశోధకుడు 1976లో ప్రచురించిన అధ్యయనం నా అపోహ పోగొట్టింది. ప్రయోగశాలల్లో వాడే నాలుగు రకాల పరికరాల్లో వచ్చిన 111 మెరుగుదలల పుట్టుపూర్వోత్తరాలు ఆయన తవ్వి తీశారు. దాదాపు 80 శాతం వాడేవాళ్ల చేతుల్లోనే మొదలయ్యాయి. నమూనా చేసి, అది పనిచేస్తుందని చూపించిందీ వాళ్లే. ఆ తర్వాతే పరికరాల కంపెనీలు అందుకున్నాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో నా పుట్టుకే చెబుతుంది. పైపు మోసే బాధ పొలంలో ఉన్నవాడికి తెలిసినంతగా దూరాన ఉన్న ఫ్యాక్టరీకి తెలియదు. రైతుకు తన ఒక్క పొలం తడిసినా చాలు, పడ్డ శ్రమకు ఫలితం దక్కినట్టే. కంపెనీకి అలా కాదు, కొనేవాళ్లు వందల్లో ఉంటారన్న నమ్మకం కుదిరితేగానీ పెట్టుబడి పెట్టలేదు. పొలంలో తిరుగుతున్న యంత్రాన్ని కళ్లారా చూస్తే ఆ నమ్మకం కలుగుతుంది. అందుకే నా రాకకు దారి పొలం నుంచి ఫ్యాక్టరీకి పడింది. మన్నిక, విడిభాగాలు, మరమ్మతు, ఊరూరా సరఫరా మాత్రం కంపెనీ చలవే. అది చేయి వేయకపోతే నేను ఒకటి రెండు చేలల్లోనే తుప్పుపట్టి ఉండేదాన్ని.

నా వల్ల ఒక కీడూ జరిగింది. నీళ్లు పెట్టడం తేలికైంది గనుక తోడుకోవడం పెరిగింది. మైదానాల కింద ఉన్న ఓగలాలా భూగర్భ జలం కాన్సస్, టెక్సాస్‌లలో చాలాచోట్ల అడుగంటుతోంది. నీళ్లు గాలికి పోకుండా నా నాజిళ్లను నేల దగ్గరికి వేలాడదీస్తున్నారు. అంతకన్నా నన్ను కదిలించింది కాన్సస్‌లో షెరిడాన్ కౌంటీ రైతుల తీర్మానం. తోడుకునే నీళ్లలో దాదాపు 20 శాతం తగ్గించుకుంటామని తమకు తామే కట్టుబాటు పెట్టుకుని, 2013 నుంచి అమలు చేస్తున్నారు. ఈసారీ ముందడుగు వాడేవాళ్లదే.

యంత్రాలు చేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. మీ యంత్రాన్ని కొన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. దానికి వాళ్లు కట్టిన తీగను, అతికించిన రేకును, కోసి మార్చిన గొట్టాన్ని శ్రద్ధగా చూడండి. మీ తర్వాతి యంత్రానికి కావలసిన ఆలోచన అక్కడ దొరుకుతుంది. తీసుకున్నాక, అది ఎవరిదో పేరు చెప్పండి, వాళ్ల వాటా వాళ్లకివ్వండి. వాడేవాళ్లకూ ఒక మాట. మీ అవసరం కొద్దీ మీరు చేసుకున్న మార్పును చిన్నదని దాచుకోకండి, పదిమందికీ చూపించండి. నేను అలా పైకొచ్చినదాన్నే.