ఖాన్సార్‌లో దోస్తానా, ఊళ్లో దండుగ

గ్యాంగ్‌స్టర్ సినిమాను ఒక మాట అనబోతే చాలు, అభిమానులు అడ్డం పడతారు: నెత్తురు చూడొద్దట, దోస్తానా చూడాలట. 2023 డిసెంబరులో ‘సలార్’ వచ్చినప్పటి నుంచి ఈ వాదనకు మరింత కండ పట్టింది. సరే, ఒప్పుకుందాం. దేశపటంలో లేని ఖాన్సార్ నగరంలో దోస్తు వరద కోసం హీరో దేవా ఎంతమందిని నరికాడో లెక్కపెట్టడం కన్నా, ఎందుకు నరికాడో చూడటమే మర్యాద. సెన్సారు వాళ్లు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చారు కాబట్టి, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లే ఈ దోస్తానా నేర్చుకోవాలన్నది సర్కారు ఉద్దేశం కాబోలు.

మరి జక్రాన్‌పల్లి, ఆర్మూర్, బాల్కొండ దిక్కు ఈ పాఠం ఎవరికి వంటబట్టింది? అసలు ఖాన్సార్ మాకేం కొత్త కాదు. దేశ చట్టం తొంగిచూడని చోటు, సొంత రాజ్యాంగం, ఓట్లేసుకుని తీర్పులిచ్చే దొరలు. ఇదంతా చూపించడానికి దర్శకుడు ప్రశాంత్ నీల్ కోట్లు పోసి సెట్లు వేయించారు. మా నిజామాబాద్ జిల్లాలో కొన్ని ఊళ్లకు ఓ షామియానా, కాసిన్ని ప్లాస్టిక్ కుర్చీలు సరిపోతాయి. ఆ దర్బారు పేరు గ్రామాభివృద్ధి కమిటీ. వాడుకలో వీడీసీ.

ఈ కమిటీలు గుడులు కట్టించాయి, ఊరికి పనికొచ్చే పనులూ చేశాయి. కాదనను. అయితే ఆ పైసలు ఎట్లా వచ్చాయో కూడా చెప్పుకోవాలి. బెల్టు షాపుకు వేలం, కోడికూర అమ్మకానికి వేలం. పాట పాడినవాడే అమ్మాలి, ఊరు వాడి దగ్గరే కొనాలి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టాన్ని తిరగేసినా ఈ అధికారం ఎక్కడా కనిపించదు. సర్పంచుకు చెక్ పవర్ ఉంటే వెనకాలే ఆడిట్ ఉంటుంది. వీడీసీది చెక్కు అక్కర్లేని పవరు.

కమిటీ మాట కాదంటే దండుగ. దండుగ కట్టకపోతే సాంఘిక బహిష్కరణ. ఇక కిరాణా దుకాణంలో ఉప్పు పొట్లం పుట్టదు. క్షౌరం చేసేవాళ్లు గడప తొక్కరు. చేలో పసుపు తవ్వడానికి కూలీలు రారు. ఆ ఇంటివాళ్లతో మాట్లాడితే మాట్లాడినవాళ్లకూ దండుగే.

సరిగ్గా ఇక్కడే మన దోస్తానా పరీక్షకు కూర్చుంటుంది. వరద పిలవగానే దేవా వస్తే చొక్కాలు చించుకుని ఈలలు వేసిన ప్రాణమిత్రులు ఇప్పుడేం చేస్తున్నారు? వాళ్లు వందమందిని నరకనక్కర్లేదు. వెలివేసిన దోస్తు ఎదురుపడితే ‘ఏం రా, బాగున్నవా?’ అంటే చాలు. ఆ ముక్కకు వేల రూపాయల ధర కట్టారని తెలియగానే మన వీరుడు ఫోన్‌లో మొహం పెట్టి పక్క గల్లీలోకి తిరుగుతాడు. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం దేవా, వరద విడిపోకుండా అట్లనే ఉంటారు.

ముఠా విధేయత ఎంతవరకో గ్యాంగ్‌స్టర్ సినిమాలు తీసినవాళ్లు దాచిపెట్టలేదు. 1984లో సెర్జియో లియోనె తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా’లో మాక్స్ తాను చచ్చినట్టు నాటకమాడి, ప్రాణమిత్రుడు నూడుల్స్ సొమ్మునూ ప్రేమించిన మనిషినీ పట్టుకుపోయాడు. మన రామ్‌గోపాల్ వర్మ ‘సత్య’లో భీకూ మాత్రేను చంపింది శత్రువు కాదు, ఇంటికి పిలిచి పక్కన నిలబెట్టుకున్న నాయకుడు. ‘సలార్’లోనూ ప్రాణమిత్రులు బద్ధశత్రువులయ్యారని మొదటి భాగంలోనే చెప్పేశారు. తీసినవాళ్లకు తెలిసిన సంగతి చూసినవాళ్ల చెవిన మాత్రం పడలేదు.

బోధన్ దాటి, సాలూర దగ్గర మంజీర అవతలికి పోతే మహారాష్ట్ర. సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటిస్తూ అక్కడ 2016లో చట్టం తెచ్చారు. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఏటికి ఈ ఒడ్డున అట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. దళితులను, గిరిజనులను వెలివేస్తే అట్రాసిటీ చట్టం ఉంది. మిగతావాళ్లు పోలీసు స్టేషను మెట్లెక్కి, ఏ సెక్షన్ దొరుకుతుందా అని ఎదురుచూడాలి.

ఈ నేలకు కలిసి నిలబడటం చేతకాదని ఎవరన్నారు? 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నిజామాబాద్ బరిలో దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో బూతులో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. కత్తి లేదు, తుపాకీ లేదు, నేపథ్య సంగీతం అసలే లేదు. అయినా దేశమంతా ఇటు చూసింది.

కాబట్టి దేవా అభిమానులకు ఒక మనవి. మీ ఊళ్లో వెలివేసిన ఇల్లుంటే పదిమంది కలిసి పగటిపూట, అందరూ చూస్తుండగా పోయి చాయ్ తాగి రండి. ఒక్కడు పోతే కమిటీకి నేరస్థుడు దొరుకుతాడు. పదిమంది పోతే కమిటీకే భయం పట్టుకుంటుంది. దండుగ రసీదు చేతిలో పెడితే చించెయ్యకండి. పోలీసులకు ఇవ్వడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.