హెచ్చుతగ్గులు

మా పుత్తూరుకు బయటి ఊళ్ళవాళ్ళు ఎముక విరిగితే వస్తారు. ఈశ్వరాపురంలో పసరు పూసి, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టు కడితే లేచి నడిచిపోతారు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం పేరు విరిగితే వస్తారు, నా దగ్గరికి. నేనొక సర్కారు ఆఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటర్ని. ఏ ఆఫీసని అడక్కండి, ఈ నెల జీతం ఇంకా పడలేదు.

మొన్న ఒక అవ్వ వచ్చింది. పేరు మునిరత్నమ్మ. ఆధార్‌లో ‘టీ’ పక్కన ‘హెచ్’ ఉంది, బ్యాంకు పుస్తకంలో లేదు. మాది అరవదేశం పొలిమేర. అక్కడ ‘త’ అంటే టీ పక్కన హెచ్ పడాల్సిందే. మన దగ్గర అది రాసేవాడి చేతివాటం. కాబట్టి మా సీమలో ఏ మునిరత్నమైనా కనీసం ఇద్దరు. ఆధార్‌లో ఒకరు, బ్యాంకులో ఒకరు. ఇద్దరికీ ఆకలి మాత్రం ఒకటే.

“ఆ అచ్చరం తీసెయ్ నాయనా, దాంతో నాకేం పని?” అంది అవ్వ.

“తీయాలంటే నువ్వు నువ్వేనని రుజువు కావాల అవ్వా.”

“నీ ఎదురుగ్గానే ఉండాను గదరా!”

“నువ్వుంటే చాలదు, ఓటీపీ రావాల.”

ఓటీపీ మనవడి ఫోనుకు పోయింది. మనవడు శ్రీపెరంబుదూరులో ఏదో కంపెనీలో ఉన్నాడు. షిఫ్టు ఎక్కే ముందు ఫోను తీసి బీరువాలో పెట్టాలట. షిఫ్టు ఎనిమిది గంటలు, ఓటీపీ ఆయుష్షు పది నిమిషాలు. అవ్వ మెట్ల మీద కూర్చుని కేరేజీ విప్పి సంగటి తినింది. ఓటీపీ పుట్టి, పెరిగి, చచ్చిపోయింది.

పని తేలిక చేస్తామని ఎవరూ అనలేదని కాదు. 2011 నవంబరు 4న మీసేవ మొదలైంది మా చిత్తూరు జిల్లాలోనే. ఇక అధికారుల చుట్టూ తిరగనక్కర్లేదన్నారు. మాట నిలబెట్టుకున్నారు. ఇప్పుడెవరూ అధికారుల చుట్టూ తిరగడం లేదు, సర్వర్ చుట్టూ తిరుగుతున్నారు. అదెక్కడుందో తెలియదు గనుక మా తెర మీద గుండ్రంగా ఒక చక్రం తిరుగుతుంది, జనం దాన్ని చూస్తూ కూర్చుంటారు. 2025 జనవరి 30 నుంచి ‘మన మిత్ర’ పేరుతో సేవలు వాట్సాప్‌లోకే వచ్చేశాయి. ఆఫీసుకు రానక్కర్లేదు. నిజమే, వాట్సాప్‌లో ఎక్కడ నొక్కాలో అడగడానికి మాత్రమే వస్తున్నారు.

ఈ కుర్చీలో కూర్చుంటే లోకజ్ఞానం పెరుగుతుంది. ఆధార్ తీసిన కొత్తల్లో పుట్టిన తేదీ తెలియనివాళ్ళు వయసు చెబితే చాలు, యంత్రం జనవరి 1 వేసేసుకుంది. మా అవ్వల తరంలో సగం మంది ఆ రోజే పుట్టారు. పాపం, మంత్రసానులు ఆ పూట ఎంత అవస్థపడ్డారో! పోయిన తండ్రి పేరు ముందు ‘లేటు’ అని రాయడం మన మర్యాద. కంప్యూటరుకు మర్యాదలు తెలియవు, ముందు కనబడిందే ఇంటిపేరు అనుకుంటుంది. నా తెర మీద ‘లేటు’ వారిదే పెద్ద వంశం. పొలం పంపకాల్లో తగాదా పడ్డ అన్నదమ్ములు కూడా ఆ ఇంటిపేరును సమానంగా పంచుకున్నారు.

2022 ఏప్రిల్ 4న ఇంకో విచిత్రం జరిగింది. చిత్తూరు జిల్లాలో పడుకున్న పుత్తూరు తిరుపతి జిల్లాలో లేచింది. ఒకే నియోజకవర్గంలోని నగరి ఆ రోజు చిత్తూరులోనే ఆగిపోయింది. ఊరు కదల్లేదు, కొండ కదల్లేదు, రైలు పట్టాలు కదల్లేదు. కదిలినవి నా వేళ్ళే.

మా ఆఫీసు రెండు సూత్రాల మీద నడుస్తుంది. ఒకటి: కంప్యూటర్ చెప్పిందే నిజం. రెండు: అది నిజం కాదని తేలితే, డేటా ఎంట్రీ తప్పు. కాగితం మీద తప్పు రాసినవాడు, చూడకుండా సంతకం పెట్టినవాడు, ‘ఇంటిపేరు’ గడి తప్పనిసరి చేసి కూర్చున్నవాడు, అందరి పాపాలూ వచ్చి నా పది వేళ్ళ మీద పడతాయి. ఈ రెండు సూత్రాల మధ్య నా కుర్చీ ఉంటుంది. దానికొక చెయ్యి విరిగి రెండేళ్ళయింది. ఈశ్వరాపురం తీసుకుపోదామంటే లీవు లేదు.

లీవెందుకుంటుంది, నేను ఔట్‌సోర్సింగ్. 2020లో ప్రభుత్వం మాలాంటివాళ్ళ కోసం ఆప్కాస్ అని ఒక కార్పొరేషన్ ప్రారంభించింది. ఏజెన్సీల పీడ పోయిందని పాయసం వండుకున్నాం. పాయసం చల్లారక ముందే రేషన్ కార్డుకు ఆరు అంచెల పరిశీలన నా దాకా వచ్చింది. కారుందా? లేదు. నెలకు మూడు వందల యూనిట్లు దాటి కరెంటు? మాకున్నది రెండు ఫ్యాన్లు. మూడెకరాల మాగాణి? పదెకరాల మెట్ట? టౌన్లో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు? ఆదాయపన్ను? అన్ని అంచెలూ అవలీలగా దాటేశాను, అడ్డం రావడానికి నా దగ్గరేమీ లేదు గనుక. చివరి అంచె దగ్గర తెర ఎర్రబడింది: ‘ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారు’.

ఎవరబ్బా అని ఇల్లంతా వెతికాను. నేనేనట!

పర్మినెంటు అడిగితే ‘నువ్వు గవర్నమెంటోడివి కాదబ్బా’ అంటారు. బియ్యం అడిగితే ‘నువ్వు గవర్నమెంటోడివి గదబ్బా’ అంటారు. జీతం దగ్గర కూలి, పథకాల దగ్గర దొర. పెళ్ళిచూపులకు పోయినప్పుడు ఈ దొరతనం చెప్పుకుందామంటే, అక్కడ జీతం అడుగుతారు.

అయినా మొదటి సూత్రం ఉండనే ఉంది కదా, కంప్యూటర్ చెప్పిందే నిజం. ఆ తెరను ప్రింటు తీసుకుని మా సారు దగ్గరికి పోయాను.

“సార్, నేను ప్రభుత్వ ఉద్యోగినని కంప్యూటరే చెప్తా ఉంది. ఆ చేత్తోనే పర్మినెంటు చేసెయ్యండి.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“ఎవడో డేటా ఎంట్రీ వాడు తప్పు కొట్టుంటాడులే. ఎవడో ఏమిటి, ఈ సెక్షన్లో ఉండేది నువ్వేగా! నీ పేరు మీద ఒక మెమో టైపు చేసి పట్రా, సంతకం పెడతాను.”

వచ్చి కూర్చున్నాను. నా మెమో నేనే టైపు చేశాను. విషయం కొట్టాను, తేదీ కొట్టాను, జిల్లా పేరు రెండుసార్లు చూసుకుని కొట్టాను. చివరికి నా పేరు వచ్చింది. అందులోనూ ఒక ‘త’ ఉంది.

అవ్వ గుర్తొచ్చింది. టీ పక్కన ఒక హెచ్ ఎక్కువ కొట్టాను.

ఇప్పుడు ఆ మెమో నాది కాదు. కాదనేవాళ్ళు ఓటీపీ తెచ్చుకోవాల.