అన్నీ ఫాగేనా?

చలికాలం వస్తే చాలు, మా కృష్ణగిరిలో ఇప్పుడు కుర్రాళ్ల నోట ఒకటే మాట, ఫాగ్. గడ్డి మీద నీటిచుక్క కనబడినా ఫాగే, దూరాన వేపచెట్టు మసకబారినా ఫాగే, పొయ్యిపొగ ఊరి మీద నిలిచినా ఫాగే. వింటే నాకు ఒళ్లు మండుతుంది. సేద్యం చేసేవాడికి ఇవన్నీ ఒకటి కావు.

ఆ ఇంగ్లీషు మాటకైనా ఒక లెక్కుంది. కిలోమీటరు దూరం లోపలే చూపు ఆగిపోతేనే వాతావరణ శాఖ దాన్ని ఫాగ్ అంటుంది. అంతకు మించి చూపు ఆనితే అది మిస్ట్. గాలికి కొట్టుకొచ్చే హిమాన్ని డేనిష్ వాళ్లు ‘స్నేఫోగ్’ అంటారు, ఫాగ్ అనే మాట ఆ వైపు చుట్టమేనని పండితుల అంచనా. 1905లో లండన్‌లో ఒక వైద్యుడు దానికి పొగను కలిపి ‘స్మాగ్’ అన్నాడు. 1952 డిసెంబరులో ఆ స్మాగే అక్కడ వేలమంది ప్రాణాలు తీసింది. వాళ్ల అవస్థకు తగ్గ మాట వాళ్లు పెట్టుకున్నారు.

మా రోజుల్లో హింగారి (రబీ) పైరుకు నల్లరేగడిలో మిగిలిన పదును, దాని మీద రాత్రి మంచు, ఇవే ఆధారం. మబ్బు లేక, గాలి ఆడని రాత్రి నేల వేడంతా పైకి పోతుంది. తెల్లారేసరికి జొన్న ఆకు తడిసి ఉండేది. పెద్దలు ఆకు తడిమి చూసి తృప్తిగా ఇంటికొచ్చేవాళ్లు. పొగమంచు పట్టిందంటే మాత్రం కంది పూత రాలుతుందని దిగులుపడేవాళ్లు.

ఇక శనగ చేను సంగతి. ఆ ఆకుల నూగులో మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఊరతాయి, మంచులో నడిస్తే కాళ్లు చురచురమనేవి. సాయంత్రం చేను మీద పల్చటి పంచె పరిచి, పొద్దు పొడవకముందే పిండితే పుల్లటి నీళ్లు దిగేవి. సీసాకు పట్టి దాచి, కడుపునొప్పికి ఇచ్చేవాళ్లు. అన్నిగేరి రకం పోయి జేజీ-11 వచ్చింది, దిగుబడి పెరిగింది, సంతోషమే. కానీ పచ్చపురుగుకు మందు కొట్టిన చేలో పంచె పరిచి, ఆ నీళ్లు ఎవరు తాగుతారు?

శనగలు అమ్మి కొన్న ఫోనులో ఫాగ్ బొమ్మ చూసి మా పిల్లలు నాకు వాతావరణం చెబుతున్నారు. ఒక్క పొద్దు చేలోకి వచ్చి, ఆకు తడిమి, రాత్రి దిగింది మంచో పొగమంచో చెప్పమనండి. కంది పూత సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.