స్వయముగా హాజరు: సటీక తాత్పర్యం

మూలం: “స్థానికులై, అర్హత గలిగి, తగు పత్రములతో స్వయముగా హాజరు కావలెను.”

అవతారిక: విజయనగర ప్రభువు బుక్కరాయల పేరు మోస్తూ, చిత్రావతి నీరు నిలిపే పెద్దచెరువుతో ప్రసిద్ధమైన బుక్కపట్నంలో దివ్యాంగ పింఛను కోరి గ్రామ సచివాలయం మెట్లెక్కేవారి చెవిన మొట్టమొదట పడేది ఈ సూత్రం. ఇది ఇదే రూపంలో ఏ ఉత్తర్వులోనూ కనిపించకపోయినా, ఉత్తర్వులన్నింటి సారమూ ఇందులో ఇమిడి ఉన్నందున దీనినే మూలంగా గ్రహించడమైనది. గ్రంథనామంలో, అంటే పింఛను పథకం పేరులో, పాఠభేదం ఉంది: 2014 తరువాతి ప్రతులలో ‘ఎన్టీఆర్ భరోసా’ అనీ, 2019 తరువాతి ప్రతులలో ‘వైఎస్సార్ పింఛను కానుక’ అనీ, 2024 జూలై నుంచి మరల మొదటి పాఠమే అనీ గమనించాలి. ఆ జూలై 1న దివ్యాంగుల మొత్తం 3,000 రూపాయల నుంచి 6,000కు పెరిగింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000గా నిర్ణయమైంది.

టీక: *స్థానికులై*: ఊళ్ళో పుట్టినవారై అని లోకార్థం, సచివాలయపు కంప్యూటరులో ఆ ఇంటి కింద నమోదైనవారై అని శాస్త్రార్థం. బెంగుళూరు మరీ దూరం కాని ఈ సీమలో ఒకే మనిషి తిండికి అక్కడా, రేషన్ కార్డుకు ఇక్కడా స్థానికుడు కావడం మామూలే. వరుసగా మూడు నెలలు పింఛను తీసుకోకపోతే శాశ్వతంగా వలసపోయినట్లు లెక్కగట్టే నిబంధన ఈ ద్వంద్వాన్ని భేదించడానికి పుట్టినదే.

*అర్హత గలిగి*: ఇది సమాసం కాకపోయినా సమాసమంత బరువైన పదం, ఇందులో పేదరికమూ వైకల్యమూ రెండూ నిరూపించుకోవలసి ఉంటుంది. పేదరికాన్ని ‘ఆరంచెల పరిశీలన’ తేలుస్తుంది. పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు మించరాదనీ, మాగాణి 3 ఎకరాలలోపు, మెట్ట 10 ఎకరాలలోపు ఉండాలనీ, కరెంటు వాడకం 300 యూనిట్లు దాటరాదనీ దీని నియమాలు. మాగాణి అనగా నీటి పారుదల గల భూమి అని నిఘంటువు. అనంతపురం సీమలో మాత్రం బోరు ఎండిపోయి ఏళ్ళు గడిచినా అడంగల్లో మారని భూమి అని విశేషార్థం. నీళ్ళు పోయినా పేరు నిలిచిన ఇలాంటి పొలమే పింఛనుకు అడ్డుపడుతుంది.

వైకల్యాన్ని తేల్చేది సదరం. సాదరమనే మాటకు దీర్ఘం లోపించి ఇది ఏర్పడిందని కొందరూ, ‘సదరు వ్యక్తి’ అనే కచేరీ మాట నుంచి పుట్టిందని కొందరూ ఊహించవచ్చు గాని రెండూ అసాధువులే. ‘సాఫ్ట్‌వేర్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ డిసేబుల్డ్ ఫర్ యాక్సెస్, రిహాబిలిటేషన్ అండ్ ఎంపవర్‌మెంట్’ అనే దీర్ఘనామానికి పొడి అక్షరాలు ఏరగా వచ్చిన మాట ఇది. ఆదరార్థం ఇందులో లేదని వేరే చెప్పనక్కరలేదు.

సదరం ఇచ్చే అంకె 40 శాతానికి తగ్గరాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాలను 7 నుంచి 21కి పెంచినా ఈ 40ని కదిలించలేదు. కేంద్రం సొంతంగా ఇచ్చే 300 రూపాయల పింఛనుకైతే 80 కావాలి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవది చక్కగా ఉన్నవానికి మార్గదర్శకాలు 30 మాత్రమే ఇస్తాయి గనుక, అతడు లోకానికి ఒంటికన్నువాడే అయినా శాస్త్రానికి సకలాంగుడు. కాలిలో కొంత, చెవిలో కొంత లోపం ఉన్నవారు రెండు అంకెలనూ కూడుకొని సంతోషించరాదు. సంధిలో రెండచ్చులు కలిసినప్పుడు ఒకటి లోపించినట్లే, ఇక్కడ పెద్ద అంకె నిలిచి చిన్నదానిలో కొంత భాగమే దానికి చేరుతుంది.

*తగు పత్రములతో*: ఆధార్, రేషన్ కార్డు మొదలైనవి. ‘మొదలైనవి’ అన్నచోట ఎన్ని ఉంటాయో మూలం చెప్పదు, టీకాకారుడూ చెప్పడు.

*స్వయముగా హాజరు కావలెను*: గ్రంథానికి ఆయువుపట్టు ఇదే. నడవలేనితనాన్ని నిరూపించడానికి నడిచి రావాలనడం విరోధాభాసాలంకారమని ఆలంకారికులు అనవచ్చు గాని, అలంకారం బస్సెక్కించదు. హాజరు కావలసినది స్లాటుకు. స్లాటు అనగా సదరం శిబిరంలో ముందుగా పొందిన వంతు. అది హిందూపురం ప్రభుత్వాసుపత్రికి పడితే బుక్కపట్నం మనిషి కొత్తచెరువు, పెనుకొండ దాటి పోవాలి. దివ్యాంగులకు ఆర్టీసీ రాయితీ ఉంది కదా అంటే, రాయితీ పాసుకు సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్టుకు ఈ ప్రయాణమే కావాలి. తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయ దోషమంటారు, అంటే ఒకదానిపై ఒకటి ఆనుకొని రెండూ నిలవకపోవడం. ఇంట్లో ఆ రోజు కూలి వదులుకొని వెంట వచ్చేవారి సంగతి మూలంలో లేదు. ‘స్వయముగా’ అన్న మాటలోనే ఆ రెండవ మనిషి అంతర్భూతుడని గ్రహించాలి.

ఇక్కడ పూర్వపక్షం: ప్రతి ఇంటికీ వైద్యుడు పోవడం సాధ్యమా? దీనికి సమాధానం: పింఛను మంజూరైన మరునెల నుంచి ప్రతి 1వ తేదీన సచివాలయ ఉద్యోగి సొమ్ము పట్టుకొని ఇంటిముందుకే వస్తున్నాడు కనుక ఇల్లు తెలియదనడానికి వీల్లేదు. సొమ్ము వేరు, వైద్యం వేరు అంటారా? 2025 జనవరిలో 15,000 రూపాయలు అందుకునేవారి ఇళ్ళకు వైద్య బృందాలే స్వయముగా వెళ్ళి, మంచంమీది మనిషి నిజంగా మంచంమీది మనిషేనా అని పరీక్షించాయి. కనుక తీసివేయవలసి వస్తుందేమో చూడడానికి నడిచిన దారి, ఇవ్వవలసి ఉందేమో చూడడానికీ అంతే దూరమని సిద్ధాంతం.

అన్వయం: మూలంలో ‘కావలెను’ అనే క్రియ ఉన్నది గాని కర్త లేడు. కర్త అధ్యాహార్యం, అనగా చదివేవాడు బయటినుంచి తెచ్చుకోవలసినది. సంప్రదాయం అక్కడ ‘దరఖాస్తుదారుడు’ అని పూరించింది. వ్యాకరణం మాత్రం ‘వైద్యుడు’ అని పూరించినా అడ్డు చెప్పదు. అప్పుడు ‘స్థానికులై’ అనగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆసుపత్రులలో కొలువున్నవారై, ‘అర్హత గలిగి’ అనగా ఎముకలకో కళ్ళకో చెవులకో చదువుకొన్నవారై, ‘తగు పత్రములతో’ అనగా ఇంకా అంకె వేయని సర్టిఫికెట్టుతో అని అర్థం.