నాయనకు నేను పెట్టిన పరీక్షలు

మీ దగ్గర దాచడమెందుకు? ముప్పై ఏళ్లు లెక్కల సారుగా పనిచేసినవాణ్ణి, నాకు తెలిసిన మందు ఒక్కటే: మళ్లీ మళ్లీ అడగడం. ఎక్కాలు రాని పిల్లోణ్ణి రోజూ అడిగితే ఎప్పటికో ఒకనాటికి వస్తాయి. ఎనభై దాటిన మా నాయన మీద కూడా ఆ మందే వాడాను.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. అదీ పడితే పడినట్టు, లేకుంటే లేదు. ఆ ఎర్రనేలను నమ్ముకుని శెనక్కాయ వేసి మమ్మల్ని చదివించాడు నాయన. పిడికెడు మన్ను చేతిలోకి తీసుకుని విత్తనానికి పదును సరిపోతుందో లేదో చెప్పేవాడు. ఊరంతా ఆయన మాట కోసం ఆగేది. అట్లాంటి మనిషి ఒకరోజు సంగటి తిని చెయ్యి కడుక్కుని, తడి ఆరకముందే, "ఈ ఇంట్లో నాకింత కూడు పెట్టేవాళ్లే లేరా?" అని నా భార్యను అడిగాడు. వయసు మీద పడితే అరుళు మరుళు మామూలేలే అనుకున్నాం. ఏడాదిన్నర పాటు అనుకుంటూనే ఉన్నాం.

చివరికి అనంతపురం తీసుకుపోతే డాక్టరు ముందు రక్తపరీక్షలు రాశాడు. బి12 తగ్గినా, థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోయినా మతిమరుపు రావచ్చట. అవైతే మందులతో సర్దుకునే అవకాశం ఉంటుందట. ఆ మాట వింటుంటే కడుపులో దేవినట్టయింది. ఒకవేళ అదే అయ్యుంటే ఏడాదిన్నర వృథా చేసినవాణ్ణి నేనే గదా! నాయనది అది కాదు, అల్జీమర్స్. కొత్త సంగతుల్ని పదిలపరిచే హిప్పోక్యాంపస్ అనే భాగం మొదట్లోనే దెబ్బతింటుందనీ, అందుకే యాభై ఏళ్ల కిందటి ఎద్దు పేరు గుర్తుంటుంది గానీ పొద్దున తిన్న సంగటి గుర్తుండదనీ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. అర్థమైందని తలూపాను. నిజంగానే అర్థమైంది. అయినా ఇంటికొచ్చిన మర్నాడే పరీక్షలు మొదలుపెట్టాను.

"నాయనా, ఈరోజు ఏం వారం?" "పొద్దున ఏం తిన్నావు?" "నేనెవరు?" రోజుకు రెండు పూటలా. తప్పు చెబితే దిద్దడం. "మీ అమ్మ యాడికి పోయింది రా?" అంటే, "అమ్మ చనిపోయి ఆరేళ్లయింది నాయనా" అని ఉన్నమాట చెప్పడం. ఆయనకది అప్పుడే చెవిన పడిన చావుకబురు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవాడు. మర్నాడు మళ్లీ అడిగేవాడు, నేను మళ్లీ చెప్పేవాణ్ణి. ఒక్క చావును కొడుకు చేతుల మీదుగా ఎన్నిసార్లు మోశాడో ఆ మనిషి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఉగాదికి చుట్టాలొచ్చారు. నేను నాయనను ఎంత బాగా చూసుకుంటున్నానో వాళ్లకు తెలియాలనిపించింది. పదిహేను మంది ముందు ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పెళ్లి ఫోటో చేతికిచ్చి, ఇదెవరు, పక్కనెవరు, ఆ పిల్లోడెవరు, చెప్పు నాయనా, నిన్న చెప్పినావు గదా, నిన్ననే చెప్పినావు గదా అని ఒకదాని మీద ఒకటి వేస్తూనే ఉన్నాను. ఆయన ఫోటో చూశాడు, జనాన్ని చూశాడు, నన్ను చూశాడు, చేతులు వణికాయి, ఫోటో జారింది, పక్కనున్న నా భార్య కొంగు పట్టుకుని, "ఈ సారు నన్నెందుకు ఇట్ల అడుగుతాండాడు? నేనేం తప్పు చేసినాను తల్లీ?" అన్నాడు.

సారు. నన్నే.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆగస్టె అనే ఒకామెను అల్జీమర్ అనే డాక్టరు కూడా ఇట్లాగే అడిగాడు, నీ పేరేమిటి, నీ భర్త పేరేమిటి అని. రోగం తెలుసుకోవడానికి అడిగాడాయన. 1906లో ఆ రోగాన్ని లోకానికి చెప్పాడు. తెలిసిపోయిన రోగాన్నే నేను రోజూ అడిగాను, మా నాయన పాసవ్వాలని!

ఇంకొకటుంది, ఇది చెప్పడం మరీ కష్టం. ఊళ్లో అందరికీ నాయనకు చెవుడని చెప్పాను. పెళ్లికెదిగిన కూతురుంది, ఇంట్లో పిచ్చి ఉందంటే సంబంధాలు రావని భయం. వృద్ధుల కోసం 14567 నంబరుందని తెలుసు. గొంతు గుర్తుపడతారేమోనని దానికీ ఫోను చెయ్యలేదు. దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి ఇట్లా మతి పోగొట్టే జబ్బుల్లో ఏదో ఒకటి ఉందని 2023లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. పట్నాల కంటే పల్లెల్లోనే ఎక్కువట. మా పక్కూళ్లలో ఎన్ని ఇళ్లలో ఎంతమంది చెవిటివాళ్లున్నారో మరి.

జూన్‌లో తొలివాన పడిన సాయంత్రం నాయన కనపడలేదు. టీ అంగడి దగ్గర ఒకాయన చూశాడు. "యాడికి పెద్దాయనా?" అంటే "విత్తనానికి" అన్నాడట. బస్టాపులో ఇంకొకరు, వంక దగ్గర గొర్రెలకాపరి. ముగ్గురూ చూశారు, ఎవరూ ఆపలేదు. ఎందుకు ఆపుతారు, చెవుడున్న మనిషి చేనికి పోవడంలో వింతేముంది? చీకటి పడ్డాక దొరికాడు. మూడు బోర్లు వేసి, మూడూ ఎండిపోయి, ఆ అప్పులకు మేం ఏనాడో అమ్ముకున్న చేను దగ్గర, ఇప్పటి ఆసామి వేసిన ముళ్లకంచె పట్టుకుని కూర్చున్నాడు. అరచేతుల నిండా నెత్తురు. ఒళ్లో తువ్వాలు మూటలో గుప్పెడు శెనక్కాయ విత్తనాలు.

మర్నాడు పొద్దున్నే టీ అంగడికి పోయి నిలబడి, మా నాయనకున్నది చెవుడు కాదని చెప్పాను. గొంతు పూడుకుపోయింది. అంగడాయన గ్లాసు చేతికిచ్చి, "మా అవ్వ గూడా అట్లనే ఉండె సారూ" అన్నాడు. అప్పటినుంచి ఆ గొర్రెలకాపరే నాలుగుసార్లు నాయనను చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

పరీక్షలు మానేశాను. అమ్మ యాడికి పోయిందంటే, "అమ్మ నీకు ఏం వండిపెట్టేది నాయనా?" అని అడుగుతాను. ఉరిబిండి గురించి అరగంట చెబుతాడు.

నిన్న మధ్యాహ్నం చేటలో శెనక్కాయలు పోసి ముందు పెడితే, ఇద్దరం కూర్చుని ఒలిచాం. ఆయన వేళ్లకు ఏ మరుపూ లేదు. పొట్టు ఊడినవి, ముడుచుకుపోయినవి చూడకుండానే పక్కకు పడుతున్నాయి. కాసేపటికి నా కుప్ప తన వైపు లాక్కున్నాడు. వేలితో కెలికి చూసి, అందులోంచి మూడు గింజలు ఏరి, నాకు చూపించి, అవతల పారేశాడు.