వచ్చే నెల కొందాం

మా బావగారి కంప్యూటరు 2012 నాటిది. ఐ3 2120 ప్రాసెసరు, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటరు. ఇవి నేను పనిగట్టుకుని గుర్తుపెట్టుకున్నవి కావు. ఏ పెళ్లిలోనైనా బావగారి పక్కన విస్తరి ముందు కూర్చుంటే పప్పు వడ్డించేలోపు ఎవరికైనా కంఠతా వచ్చేస్తాయి. ఇలాంటివారు ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒకరుంటారు. నలభై దాటి ఉంటారు, ఉద్యోగం గట్టిది, జేబుకి లోటు లేదు. గుర్తుపట్టడం తేలిక. కంప్యూటరు మాటెత్తితే "ఇంకా బాగానే పనిచేస్తోందోయ్" అంటారు, ఆ వెంటనే నిట్టూరుస్తారు.

కోరికా పెద్దదేం కాదు. ఆదివారం పూట ఓ గంట లైట్ గేమింగ్. ప్రస్తుతం ఆడేవి రెండే: 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం, 2006లో వచ్చిన క్రికెట్ 07. ఆ క్రికెట్టుని కుర్రాళ్లెవరో కొత్త జట్ల ప్యాచ్‌లు తయారుచేసి పోషిస్తున్నారు కాబట్టి సరిపోయింది. మనసు పడ్డది మాత్రం జీటీఏ 5 మీద. అది కంప్యూటర్లకు వచ్చింది 2015లో. బావగారి ఆలోచన మొదలైందీ అప్పుడే.

2016లో జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. 75 వాట్లతో సరిపెట్టుకుంటుంది, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, స్లాట్‌లో గుచ్చితే చాలు. కొనేసేవారే. ఎందుకైనా మంచిదని క్యాబినెట్ తలుపు ఊడదీసి చూస్తే కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా మీద 450 వాట్లని స్టిక్కరు కనిపించింది. ఆ స్టిక్కరు అంటించినవాణ్ణి ఏం చూసి నమ్మాలి? పోనీ బ్రాండెడ్ ఎస్ఎంపీఎస్ వేయిద్దామంటే ఈ ఇరుకు క్యాబినెట్‌లో దానికి గాలాడదు. క్యాబినెట్ మార్చేటప్పుడు మదర్‌బోర్డు ఏం పాపం చేసింది? అది మారిస్తే పాత ప్రాసెసరు కూర్చోదు, డీడీఆర్3 ర్యామ్ అసలే కూర్చోదు. ఇన్ని కొత్తవి తెచ్చి ఆ పద్దెనిమిదిన్నర అంగుళాల్లో చూసుకోవాలా? కౌపీన సంరక్షణార్థం పిల్లినీ, పిల్లి పాల కోసం ఆవునీ తెచ్చుకుని సన్యాసి సంసారంలో పడ్డాడంటారు. మా బావగారు అంత అమాయకులు కారు. ఆవు గడ్డి దాకా ముందే లెక్కగట్టి, గోచీని ఎలుక కొరికితే కొరకనీ అని ఊరుకున్నారు.

నిజానికి ఆ కంప్యూటరు ప్రాణం తోడేస్తున్నది హార్డ్ డిస్కు. స్విచ్ వేశాక అక్క కాఫీ కలిపి తెచ్చేసరికి డెస్క్‌టాప్ కనిపిస్తుంది, గ్లాసు కడిగి బోర్లించేసరికి బ్రౌజరు తెరుచుకుంటుంది. ఓ ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయిస్తే సగం రోగం కుదురుతుంది కదా అన్నాను. బావగారు నావైపు జాలిగా చూశారు.

"హెచ్61లో ఉన్నది సాటా 2 ఏమోయ్. సెకనుకి 3 గిగాబిట్లు. ఎస్ఎస్‌డీకి 6 ఉండాలి. పూర్తి డబ్బులు పోసి సగం స్పీడు కొనమంటావా?"

ఆ సగం కూడా ఇప్పుడున్న డిస్కుకి రెట్టింపు పైమాటే. అది ఆయనకీ తెలుసు. కానీ సగం దండగవుతుందని తెలిసి తెలిసి కొనడం ఆయన వంశంలో లేదు.

ఇక ధరల సంగతి. తగ్గాక కొందామని ఆగితే, 2017లో క్రిప్టో తవ్వకాలవాళ్లు కార్డుల మీద ఎగబడ్డారు. ఆ వేడి చల్లారిందనుకుంటే 2021లో చిప్‌ల కొరత, మళ్లీ తవ్వకాలు. 2022లో ఎథీరియం తవ్వకం ఆగిపోయి సెకండ్‌హ్యాండ్ కార్డులు బజార్లో పడ్డాయి. "తవ్వి తవ్వి నడుం విరిగిన కార్డు మనకెందుకోయ్" అన్నారు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధర చుక్కలనంటింది. ఆ వార్త చదివిన రోజున బావగారి మొహం చూడాలి! "ఇప్పుడు కొనేవాడంత వెర్రివాడు ఇంకోడుండడు" అని స్వీట్లు పంచినంత పని చేశారు. అంతకు ముందే కొని ఉంటే చవకలో పోయేది కదా అనే ప్రశ్న అడగడానికి అక్కడెవరికీ ధైర్యం చాలలేదు.

కొననివాటి లెక్క ఆయన దగ్గర పక్కాగా ఉంటుంది. ఆ లెక్కన ఇప్పటికి రెండు మంచి కంప్యూటర్ల డబ్బు మిగిల్చారు.

"ఎక్కడుందండీ అది? గాజులు చేయించుకుంటాను" అంది అక్క ఓసారి.

"ఖర్చు కాలేదు కదా! అదే మిగులు."

శనివారం సాయంత్రం ఆయన్ను చూడాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాలి. సీటీసీ అంటేనే ఆటోవాళ్లకి తెలుస్తుంది. అక్కడ బావగారికి జరిగే మర్యాద మా ఇంట్లో, అంటే ఆయన అత్తారింట్లో, పండక్కి కూడా జరగదు. కౌంటరు వెనక కుర్రాడు స్టూలు వేస్తాడు, టీ తెప్పిస్తాడు. తనకంటూ మౌస్ ప్యాడ్ అయినా కొనని మనిషికి ఇంత భోగం ఎందుకంటే, అపార్ట్‌మెంట్ పిల్లలందరి చేతా కొనిపించింది ఆయనే. జీటీ 1030 అనే ఒకే పేరు మీద 2018లో నెమ్మదైన డీడీఆర్4 రకం కూడా దించారనీ, పెట్టె వెనకాల చదవకుండా డబ్బులివ్వొద్దనీ చెప్పింది ఆయనే. కార్డుకి డబ్బుల్లేని పిల్లాడికి, గ్రాఫిక్స్ లోపలే ఉండే రైజెన్ 5600జీ చూపించి, ర్యామ్ ఒక్కటి కాకుండా రెండు స్టిక్కులుగా వేయించిందీ ఆయనే. పది నిమిషాల్లో తేల్చేస్తారు. ఎదుటివాడి డబ్బు దగ్గర ఆయనంత తెగువ ఉన్న మనిషి సీటీసీలో ఇంకొకరు లేరు.

ఇంట్లో మాత్రం ఆదివారం గంట క్యాబినెట్ విప్పడంతోనే గడిచిపోతుంది. బ్లోయరుతో దుమ్ము ఊదుతారు. ర్యామ్ తీసి, దాని బంగారు అంచుని పిల్లాడి రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చుతారు. "ఆడుకుంటానని కూర్చుని తోముతారేమిటండీ" అంటుంది అక్క. ఇంతలో ఆ కంప్యూటర్లో ఉన్న విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ ప్రాసెసరు కనీసం ఎనిమిదో తరంది కావాలి. బావగారిది రెండో తరం. ఆయన కంగారుపడలేదు. ఆలోచించడానికి ఇంకో అంశం దొరికింది, అంతే.

ఈ మధ్య మూడో అంతస్తు ఇంజనీరింగ్ కుర్రాడు కొత్త కార్డు కొన్నాడు, ఈయన సలహా మీదే. పాత 1050 టీఐ తీసుకొచ్చి, "ఊరికే పడుంది, మీరుంచుకోండి అంకుల్" అని చేతిలో పెట్టి వెళ్లాడు. పైసా ఖర్చు లేదు. ఇన్నేళ్ల పంచాయితీ తెగిందనుకున్నాను. మర్నాడే ఫోను.

"ఎన్విడియావాడు ఈ కార్డుకి కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేశాడోయ్."

"మీరు ఆడదామనుకుంటున్నది 2015 గేమే కదా, బావగారూ."

"అదీ నిజమే. కానీ ఇంత మంచి కార్డుని తీసుకెళ్లి ఆ డొక్కు ఎస్ఎంపీఎస్‌ చేతిలో పెట్టమంటావా? దీనికి తగ్గ కంప్యూటరు ఒకటి చూడాలి. ఇప్పుడు కాదులే, వచ్చే నెల..."

ఇంతలో అక్క ఫోను లాక్కుంది.

"నా పట్టుచీరల అరలో పెట్టారురా దాన్ని! కలరా ఉండలు వేస్తే కార్డుకేమైనా అవుతుందా అని పొద్దుట్నుంచీ నన్ను చంపుతున్నారు."